మేర కొలవని కళ్లం

చంటిపిల్లలకు ఉగ్గు పెట్టాక పొట్ట మీద చెయ్యి వేసి గుండ్రంగా నిమురుతూ వాతాపిని అరిగించెయ్యడం మన ఇళ్లలో తరతరాల అలవాటు. ఇల్వలుడనే రాక్షసుడు తమ్ముడు వాతాపిని మేకగా మార్చి, కోసి, వండి అతిథికి వడ్డించేవాడట. భోజనం అయ్యాక పేరు పెట్టి కేకేస్తే ఆ తమ్ముడు అతిథి పొట్ట చీల్చుకుని బయటికొచ్చేవాడట. అగస్త్యుడి దగ్గర మాత్రం వాళ్ల పప్పులుడకలేదు. ఆయన పొట్ట నిమురుకుని, మీవాడు ఎప్పుడో జీర్ణమైపోయాడు పొమ్మన్నాడు.

చిన్నప్పుడు ఈ కథలో నాకు అగస్త్యుడే గొప్పవాడు. అరవై దాటి, సొంత పొట్ట చెప్పిన మాట వినడం మానేశాక వాతాపి మీద ఆసక్తి పెరిగింది. మనిషి కడుపులో ఇంకో ప్రాణి బతికుండి బయటి పిలుపుకి పలకడమనే ఊహ ఎంత గమ్మత్తైనదో చూడండి. మన కడుపులో ఉన్నవాళ్లు నిజంగానే బతికున్నారు. వాళ్లు అరగరు సరికదా, మనం తిన్నదాంట్లో కొంత అరిగించిపెట్టేది కూడా వాళ్లే.

వాళ్లెందరో లెక్క కట్టారు. డెబ్బై కిలోల మనిషి ఒంట్లో సొంత కణాలు సుమారు 30 లక్షల కోట్లు, బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు అని ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ శాస్త్రవేత్తలు 2016లో తేల్చారు. బడ్జెట్ ప్రసంగాలు వినే అలవాటున్న మనకు లక్ష కోట్లంటే కొత్తేమీ కాదు గానీ, ఆ బ్యాక్టీరియా మొత్తం కలిపి తూస్తే 200 గ్రాములే. అంతకుముందు నలభై ఏళ్లకు పైగా ‘మనిషిలో ఒక కణానికి పది బ్యాక్టీరియాలు’ అని పుస్తకాలన్నీ రాసుకుంటూ వచ్చాయి. 1972లో ఒకాయన ఉజ్జాయింపుగా వేసిన లెక్కను తిరిగి చూడకుండా ఒకరి నుంచి ఒకరు ఎత్తి రాసుకున్నారు. శాస్త్రంలోనూ ఈ జబ్బు ఉంది.

జీర్ణం అనగానే మనకు గుర్తొచ్చేది జఠరాగ్ని. ఆకలిని మంటగా, అన్నాన్ని ఆహుతిగా చూడటం మనవాళ్ల పద్ధతి. జీర్ణకోశంలో ఆమ్లం, చిన్న పేగులో ఎంజైములు చేసే పనికి ఆ మాట బాగానే సరిపోతుంది. అన్నంలో పిండిపదార్థం, పప్పులో మాంసకృత్తులు, నెయ్యీ నూనే ఇరవై అడుగుల చిన్న పేగు దాటేలోపు చాలావరకు విడిపోయి రక్తంలో కలుస్తాయి. అక్కడిదాకా పని మనది. మిగిలేది పీచు. తవుడు, తొక్క, కాడ, పొట్టు, గింజ పైపొర. వాటిని కత్తిరించే ఎంజైములు మన ఒంట్లో దాదాపు లేవు. అవి అలాగే ఐదడుగుల పెద్ద పేగులోకి జారతాయి. అక్కడ నిప్పు లేదు, గాలి లేదు. అక్కడ జరిగేది పులియడం.

పులిసినప్పుడు ఏం పుడుతుంది? ముఖ్యంగా మూడు చిన్న కొవ్వు ఆమ్లాలు: ఎసిటేట్, ప్రొపియోనేట్, బ్యూటిరేట్. ఇందులో బ్యూటిరేట్ సంగతి వింటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. పెద్ద పేగు గోడలోని కణాలకు కావలసిన శక్తిలో సుమారు 70 శాతం దాన్నుంచే వస్తుంది. ఒంట్లో తక్కిన కణాలు చాలావరకు రక్తం తెచ్చే చక్కెర మీద, కొవ్వు మీద బతుకుతుంటే, ఈ గోడ మాత్రం ముందు బ్యాక్టీరియా వండిపెట్టింది తింటుంది. ఈ ఆమ్లాలు పేగులోని కొన్ని కణాలను తట్టి జీఎల్‌పీ-1 అనే హార్మోన్‌ను విడుదల చేయిస్తాయని ఎలుకల్లో, కణాల మీద చేసిన ప్రయోగాల్లో చూశారు. కడుపు నిండిందని మెదడుకు చెప్పే హార్మోన్ అది. ఈమధ్య బరువు తగ్గడానికి వేలకు వేలు పోసి పొడిపించుకుంటున్న ఇంజెక్షన్లు దానికి నకళ్లే.

పూర్వం కళ్లం మీద ధాన్యం కొలిచేటప్పుడు రైతు తన రాశి ఇంటికి తోలకముందే మేర కొలిచేవాడు. నాగలి చెక్కిన వడ్రంగికి, కర్రు కాల్చిన కమ్మరికి, కుండలిచ్చిన కుమ్మరికి, చెరువు నీళ్లు కట్టిన నీరటికి ఎవరి మేర వాళ్లకు. ఆ ఏర్పాటులో న్యాయమెంత, అన్యాయమెంత అన్నది వేరే చర్చ, చెయ్యాల్సిన చర్చే. నేను చెప్పేదల్లా ఒకటే: రాశిలో కొంత తనది కాదని రైతుకు తెలుసు. పీచు అలాంటి మేర. అది మన నోటి గుండా వెళుతుంది గానీ మనది కాదు. ఒక తరంలో మనం ఆ మేర కొలవడం మానేశాం. మిల్లులో తవుడు తీసేశాం, పప్పు పొట్టు తీసేశాం, గోధుమ నుంచి మైదా పిండుకున్నాం, పండు పిప్పి పారేసి రసం తాగాం. అన్నం మల్లెపువ్వులా ఉండాలని తెలుగువాళ్లు పడ్డ తాపత్రయం అంతా ఇంతా కాదు.

మేర అందనివాళ్లు ఊరుకుంటారా? పేగు గోడ లోపలివైపు జిగురు పొర ఒకటుంటుంది. బ్యాక్టీరియాకూ మన కణాలకూ మధ్య అడ్డుగోడ అది. పీచు లేని మేత పెట్టిన ఎలుకల్లో బ్యాక్టీరియా ఆ జిగురును తినడం మొదలుపెట్టాయని 2016లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. ఆకలేసి ఇంటిగోడ గీక్కు తిన్నాయన్నమాట. జిగురు పలచబడ్డాక రోగకారక క్రిమి వస్తే ఆ ఎలుకలు త్వరగా జబ్బు పడ్డాయి. అదే ఏడాది స్టాన్‌ఫోర్డ్‌లో సానెన్‌బర్గ్ దంపతులు మరో సంగతి కనిపెట్టారు. పీచు తక్కువ మేతతో ఎలుకలను తరం తర్వాత తరం పెంచితే ప్రతి తరానికీ కొన్ని జాతుల బ్యాక్టీరియా కనిపించకుండా పోయాయి. మొదటి తరంలో పీచు తిరిగి పెడితే చాలావరకు తేరుకున్నాయి. నాలుగో తరానికి వచ్చేసరికి పీచు ఎంత పెట్టినా పోయినవి రాలేదు. ఉంటేగా రావడానికి!

ఎలుకల సంగతి మనకెందుకంటారా? థాయిలాండ్ నుంచి అమెరికాలోని మిన్నెసోటాకు వలస వెళ్లిన హ్మాంగ్, కరెన్ జనాలను పరిశీలించి 2018లో ఒక వ్యాసం వేశారు. దిగిన కొన్ని నెలలకే వాళ్ల పేగుల్లో జాతుల వైవిధ్యం తగ్గడం మొదలైంది. పీచును విడగొట్టడంలో ఆరితేరిన ప్రివోటెల్లా తగ్గి, బాక్టిరాయిడ్స్ పెరిగాయి. అక్కడే పుట్టిన పిల్లల్లో మార్పు ఇంకా ఎక్కువ. భారతీయుల పేగుల్లో కూడా ప్రివోటెల్లా పుష్కలం. ఆ పరిశోధనలో మన తెలుగువాళ్లు లేరు గానీ, డాలస్‌లో పుట్టిన మనవడికి పొద్దున్నే రంగురంగుల సీరియల్ పోసిపెట్టే తాతయ్యలు ఒకసారి చదవాల్సిన వ్యాసం అది.

అన్నట్టు గ్యాసు. ఈ ప్రస్తావన లేకుండా తెలుగింట్లో పొట్ట గురించి మాట్లాడటం కుదరదు. పెళ్లి భోజనాల దగ్గర కూర్చున్న పెద్దమనుషులు ‘శనగలు నాకు పడవు, గ్యాసు’ అని విస్తరికి చెయ్యి అడ్డం పెడతారు. శనగల్లో, చిక్కుళ్లలో, కందిపప్పులో రాఫినోజ్ జాతి చక్కెరలుంటాయి. వాటిని విడగొట్టే ఎంజైము మనిషి పేగుకు పుట్టుకతోనే లేదు. అవి పెద్ద పేగుకు చేరితే అక్కడివాళ్లు పండగ చేసుకుంటారు. హైడ్రోజన్, బొగ్గుపులుసు వాయువు, కొందరిలో మీథేన్ పుడతాయి. వీటికి వాసన ఉండదు. పరువు తీసేది వాటితోపాటు కొద్దిపాటిగా వచ్చే గంధకపు వాయువులు. పప్పు నానబెట్టిన నీళ్లు పారబోస్తే ఆ చక్కెరలు కొంత తగ్గుతాయి. ఇంగువ వేసే మన అలవాటు కూడా ఈ బాధలోంచి పుట్టిందే కావచ్చు. కొద్దిపాటి గ్యాసు జబ్బు కాదు. లోపల పని జరుగుతోందని అర్థం. కాకపోతే ఈ మాట లిఫ్టులో ఉండగా చెప్పినా ఎవరూ ఒప్పుకోరు.

ఇదంతా బ్యాక్టీరియా మీద భక్తితో చెబుతున్నానని అనుకోకండి. పేగు బ్యాక్టీరియా చేతిలో కుటుంబం కుటుంబమే కుదేలైన తెలుగింటి కథ ఒకటుంది. భీమవరంలో 1895లో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు ఇంటి కథ. ఆయన యువకుడిగా ఉండగా ఇంట్లోకి సంగ్రహణి వచ్చింది. ఇంగ్లీషు వైద్యంలో ట్రాపికల్ స్ప్రూ అంటారు. తిన్నది ఒంటబట్టదు. జిడ్డు తేలే విరేచనాలు, నాలుక పూత, నెత్తురు పలచబడటం, మనిషి కళ్లముందే కట్టెలా ఎండిపోవడం. అన్నదమ్ములిద్దరు రోజుల తేడాలో పోయారు. సుబ్బారావుకూ అదే జబ్బు. మద్రాసులో ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికి బట్టకట్టాడు. వైద్య కళాశాలలో ఖద్దరు తొడుక్కుని ఆపరేషన్ గదిలోకి వెళ్లినందుకు ఆచార్యుడి కోపానికి గురై పూర్తి డిగ్రీ పోగొట్టుకున్నవాడు, తర్వాత లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలోనే పాఠాలు చెప్పాడు. ఆ తర్వాత హార్వర్డ్. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ పరిశోధనశాల.

ఆ జబ్బు అసలేమిటో ఆయన బతికుండగా పూర్తిగా తేలలేదు. 1960ల్లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు బేకర్, మథన్ ఉత్తర ఆర్కాటు జిల్లా పల్లెల్లో ఊళ్లకు ఊళ్లు స్ప్రూ బారిన పడటం చూశారు. పేగుకు ఏదో అంటురోగం సోకాక, పెద్ద పేగులో ఉండాల్సిన తరహా బ్యాక్టీరియా చిన్న పేగులో తిష్ట వేయడం, ఆహారాన్ని పీల్చుకునే కేశాల్లాంటి మొలకలు అరిగిపోవడం, ఫోలేటూ బి12 ఒంట్లోకి చేరకపోవడం ఈ రోగుల్లో కనబడ్డాయి. పెద్ద పేగులో మనకు అన్నం పెట్టే తరహావాళ్లే, ఇరవై అడుగులు పైకొచ్చి కూర్చుంటే మన నోటి దగ్గర కూడు లాక్కుంటారు.

లెడర్లీలో సుబ్బారావు బృందం ఫోలిక్ ఆమ్లం వెంట పడింది. ఆ వేట మన దేశంలోనే మొదలైందన్న సంగతి చాలామందికి తెలియదు. లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు 1928లో బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల్లో రక్తహీనత ఎందుకొస్తోందో వెతికింది. కొంత పని కూనూరులో మెకారిసన్ నడిపిన పోషకాహార పరిశోధనశాల ఆవరణలో చేసింది. ఈస్ట్ సారం తినిపిస్తే ఆ తల్లులు కోలుకున్నారు. అందులో ఏముందో తెలియక అందరూ దాన్ని ‘విల్స్ పదార్థం’ అన్నారు. ఆ కూనూరు ప్రయోగశాలే 1958లో హైదరాబాదు తార్నాకకు వచ్చి, తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయింది.

1941లో టెక్సస్ శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూర పిండి ఆ పదార్థాన్ని కాస్తంత తీశారు. అది అందులో ఉందో లేదో ఎలా తెలిసిందంటారు? బ్యాక్టీరియాకు తినిపించి. అది ఉంటే ఒక జాతి స్ట్రెప్టోకాకస్ పెరుగుతుంది, లేకుంటే పెరగదు. లెడర్లీలో కూడా అంతే. అక్కడ రుచి చూసిన బ్యాక్టీరియా లాక్టోబాసిల్లస్ కేసియై. జున్నులో, పేగుల్లో కనిపించే జాతి. 1945లో సుబ్బారావు నాయకత్వంలో దాన్ని ప్రయోగశాలలోనే తయారుచేశారు. ఏడాది తిరిగేసరికి కరేబియన్ దీవుల్లో స్ప్రూ రోగులు ఫోలిక్ ఆమ్లం మాత్రలతో లేచి కూర్చున్నారు. అన్నదమ్ములకు అందని మందు దశాబ్దాల తర్వాత సుబ్బారావు చేతిలో తయారైందని మనవాళ్లు చెప్పుకుంటారు. చెప్పుకోవాల్సిన మాటే. అయితే కథ అక్కడితో ఆగలేదు.

సుబ్బారావు డెబ్బై దాటిన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్‌ను పిలిపించి మట్టిలో సూక్ష్మజీవులను వెతకమన్నాడు. మిస్సోరీ విశ్వవిద్యాలయం పొలంలోంచి తెచ్చిన మట్టిలో ఒక పసుపుపచ్చని జీవి దొరికింది. దాన్నుంచి ఆరియోమైసిన్ వచ్చింది. టెట్రాసైక్లిన్ల కుటుంబంలో అదే పెద్దది. 1948 జులైలో లోకానికి ప్రకటించారు. ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే పోయాడు. ఏళ్లు యాభై మూడు. స్ప్రూ వస్తే ఈనాటికీ డాక్టర్లు ముఖ్యంగా రాసేవి రెండు: ఫోలిక్ ఆమ్లం, దాంతోపాటు నెలల తరబడి టెట్రాసైక్లిన్. ఒకటి ఆకలితో ఉన్న ఒంటికి, ఇంకొకటి తప్పుచోట కూర్చున్న బ్యాక్టీరియాకు. రెండింటి మూలమూ ఒకే ప్రయోగశాల.

ఇక మూడో అంకం. అదే లెడర్లీలో జ్యూక్స్, స్టోక్‌స్టాడ్ అనే ఇద్దరు కోడిపిల్లలకు చవకైన దాణా వెతుకుతూ, ఆరియోమైసిన్ తీసేశాక మిగిలిన పిప్పిని దాణాలో కలిపారు. ఈ స్టోక్‌స్టాడ్ అంతకుముందు ఫోలిక్ ఆమ్లం పనిలో ఉన్నవాడే. ఆ పిప్పిలోని బి12 విటమిన్ వల్ల పెరగాల్సినదానికంటే కోడిపిల్లలు ఎక్కువ పెరిగాయి. పిప్పిలో మిగిలిపోయిన మందే కారణమని తేలింది. జబ్బు లేని జంతువుకు రోజూ కాస్త యాంటీబయాటిక్ పెడితే బరువెక్కుతుంది! 1951లో అమెరికా ప్రభుత్వం దాణాలో కలుపుకోమని అనుమతిచ్చింది. అక్కణ్నుంచి కోళ్లకు, పందులకు, పశువులకు దశాబ్దాల పాటు టన్నుల కొద్దీ మందు పోసి మాంసం పెంచుకున్నారు. ఐరోపా 2006లో ఈ పద్ధతిని నిషేధించింది. అమెరికా 2017లో పెరుగుదల కోసం వాడకాన్ని ఆపింది. మన దేశం 2019లో కొలిస్టిన్‌ను పశువుల దాణాకు నిషేధించింది. మనుషులకు ఏ మందూ పనిచేయనప్పుడు ఆఖరున వాడే మందు కొలిస్టిన్. దాన్ని అప్పటిదాకా కోళ్లకు పెట్టాం.

కోడికి బరువు పెంచింది మనిషికేం చేస్తుంది? న్యూయార్క్‌లో మార్టిన్ బ్లేజర్ బృందం 2012లో ఎలుక పిల్లలకు దాణా మోతాదులోనే మందు పెట్టి చూసింది. వాటికి కొవ్వు పెరిగింది. అంతకుముందు 2004లో సెయింట్ లూయీలో జెఫ్రీ గోర్డన్ ప్రయోగశాల ఇంకో తలుపు తెరిచింది. అక్కడ పుట్టిన దగ్గర్నుంచి ఒక్క క్రిమి కూడా సోకకుండా పెంచిన ఎలుకలుంటాయి. మామూలు ఎలుకల కంటే ఎక్కువ తింటాయి, అయినా సన్నగా ఉంటాయి. వాటి పేగుల్లో మామూలు ఎలుక బ్యాక్టీరియా నాటితే రెండు వారాల్లో ఒంటి కొవ్వు 60 శాతం దాకా పెరిగింది, తిండి తగ్గినా సరే. తర్వాత 2013లో కవల అక్కచెల్లెళ్లలో లావుగా ఉన్నావిడ పేగు బ్యాక్టీరియా ఎక్కించిన ఎలుక లావెక్కడం, సన్నటావిడది ఎక్కించినది సన్నగానే ఉండటం చూశారు.

పత్రికలు ఈ వార్తను పట్టుకుని ‘మీ లావు మీ తప్పు కాదు’ అని శీర్షికలు పెట్టాయి. నాకూ సంతోషమే అనిపించింది. కానీ ఎలుక ఎలుకే. సన్నటివాళ్ల మలం ఎక్కించి మనుషుల్ని సన్నబరచాలని చేసిన ప్రయత్నాలు ఇంతవరకు బరువు తగ్గించలేకపోయాయి. మలమార్పిడి నిజంగా గెలిచిన చోటు వేరే ఉంది. యాంటీబయాటిక్‌లు ఎక్కువ వాడాక పేగులో క్లాస్ట్రిడియం డిఫిసిల్ అనే క్రిమి ఒంటరిగా రాజ్యమేలి ప్రాణం మీదికి తెస్తుంది. నెదర్లాండ్స్‌లో చేసిన ప్రయోగంలో అలాంటి 16 మందికి ఆరోగ్యవంతుల మలద్రవం గొట్టంతో పేగులోకి పంపితే 15 మందికి నయమైంది. మందు మాత్రమే ఇచ్చిన 13 మందిలో నలుగురికే తగ్గింది. తేడా అంత కనబడేసరికి ప్రయోగాన్ని మధ్యలోనే ఆపేశారు. 2013లో ఆ వ్యాసం వచ్చింది. చదివి ముక్కు మూసుకున్నవాళ్లు నయమైనవాళ్ల లెక్క చూశాక చెయ్యి తీశారు.

మా వీధి చివరి మందుల షాపులో సాయంత్రం పూట పావుగంట నిలబడితే ఈ శాస్త్రమంతా తలకిందులుగా కనబడుతుంది. ఒకతను వచ్చి, పిల్లాడికి మోషన్స్ అవుతున్నాయి, ఏదైనా ఇవ్వండి అన్నాడు. చీటీ లేదు, పిల్లాడి వయసెంతని ప్రశ్న లేదు. కౌంటర్ మీద ఒక యాంటీబయాటిక్ సీసా, ఒక స్ట్రిప్పులోంచి కత్తెరతో కోసిన నాలుగు మాత్రలు, చివర్లో ‘ఇది పొట్టకి మంచిది’ అంటూ మంచి బ్యాక్టీరియా పొడి పొట్లం ఒకటి. ఓఆర్‌ఎస్ పొట్లం అడిగితే గానీ రాలేదు. ఆ పిల్లాడికి అన్నిటికంటే ముందు కావలసింది అదే. చంపే మందు, నాటే మందు ఒకే బిల్లులో.

ఆ నాటే మందు సంగతి కూడా చూద్దాం. యాంటీబయాటిక్ వాడినవాళ్లకు కొనుక్కొచ్చిన ప్రోబయాటిక్ ఇస్తే, వాళ్ల సొంత బ్యాక్టీరియా తిరిగి కుదురుకోవడం ఆలస్యమైందని వైజ్‌మన్ సంస్థే 2018లో చూపించింది. వాళ్లకంటే ఏమీ వేసుకోనివాళ్లే ముందు తేరుకున్నారు. అలాగని అన్నీ దండగని కాదు. ఒడిశా పల్లెల్లో పినాకీ పాణిగ్రాహి బృందం 4,556 మంది నవజాత శిశువులతో ఒక ప్రయోగం చేసి 2017లో ప్రకటించింది. లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనే ఒకే జాతిని, అది తినే చక్కెరతో కలిపి, పుట్టిన తొలిరోజుల్లో వారం పాటు పట్టారు. సెప్సిస్, మరణాలు కలిపి చూస్తే 40 శాతం తగ్గాయి. అక్కడ జాతి తెలుసు, మోతాదు తెలుసు, ఏ వయసులో ఎందుకిస్తున్నారో తెలుసు. మేర కూడా వెంటే పంపారు. తల్లిపాలు చేసే పనీ అదే. తల్లిపాలలో లాక్టోజూ కొవ్వూ తర్వాత ఎక్కువగా ఉండే ఘనపదార్థం బిడ్డకు అరగని చక్కెరలు. బిడ్డకు అరగనిది తల్లి ఎందుకు ఇస్తోంది? బిడ్డ పేగులోని బిఫిడో బ్యాక్టీరియా కోసం. ఒంటి శక్తి ఖర్చుపెట్టి, బిడ్డకు కాక బిడ్డలో ఉన్నవాళ్లకు వండిపెట్టే తల్లి! ఇంతకంటే పాత మేర ఇంకోటి ఉంటుందనుకోను.

ఢాకాలో గోర్డన్, తహ్మీద్ అహ్మద్ కలిసి చేసిన పని కూడా ఇదే దారి. చిక్కి శల్యమైన పిల్లల పేగు బ్యాక్టీరియా వాళ్ల వయసుకు తగ్గట్టు ఎదగకుండా పసితనంలోనే ఆగిపోయి ఉంటుందని వాళ్లు 2014లో చూపించారు. అందుకే కేవలం కెలోరీలు పోసినంత మాత్రాన ఆ పిల్లలు తేరుకోరు. వెనకబడిన బ్యాక్టీరియాను పెంచే తిండి కోసం వెతికి వెతికి చివరికి తేల్చినదేమిటి? శనగపిండి, వేరుశనగపిండి, సోయాపిండి, పచ్చి అరటికాయ. 2021లో వచ్చిన ఫలితాల్లో, ఎక్కువ కెలోరీలున్న మామూలు పోషకాహార ముద్ద కంటే ఈ ముద్ద తిన్న పిల్లల బరువు మెరుగ్గా పెరిగింది. ఆ జాబితా చదివినప్పుడు నేను లేచి వంటింట్లోకి వెళ్లి చూశాను. సోయా తప్ప అన్నీ ఉన్నాయి.

మా అమ్మమ్మగారింట్లో పెరటి గట్టు మీద తరవాణి కుండ ఉండేది. పొగచూరి, నల్లబడి, అంచు దగ్గర చిన్న పెచ్చు ఊడి ఉండేది. అన్నం వార్చిన గంజి, బియ్యం కడిగిన నీళ్లు అందులో చేరుతుండేవి. రెండు మూడు రోజులకు పులుపు వాసన వాకిట్లోకే కొట్టేది. కుండను పూర్తిగా ఖాళీ చేసేవారు కాదు. అడుగున మిగిల్చిన పాత పులుపే కొత్తదానికి తోడు. పైన తేరిన తేటలో ఉప్పు వేసి, దబ్బాకు నలిపి పొద్దున్నే తాగేవాళ్లు. రాత్రి మిగిలిన అన్నం ఉల్లిపాయతో చద్దన్నంగా వెళ్లేది. చల్లారిన అన్నంలో పిండిపదార్థం కొంత గట్టిపడి చిన్న పేగులో అరగకుండా పెద్ద పేగుకు చేరుతుందని ఇప్పుడు తెలుసు. అప్పట్లో ఎవరికీ తెలియదు. తెలియకుండానే మేర కొలిచారు. దీన్ని పట్టుకుని ‘మన పూర్వీకులకు అన్నీ తెలుసు’ అని ఊదరగొట్టేవాళ్లతో నాకు పేచీ ఉంది. వాళ్లకు తెలిసింది అన్నం పారేయకూడదని. వేసవిలో కడుపు చల్లబడుతుందని. అదే తరంలో కలరా, విరేచనాలతో పిల్లలు పోయారు, సుబ్బారావు అన్నదమ్ములూ పోయారు. శుభ్రమైన నీళ్లు లేని రోజులను బంగారు రోజులనడం నా వల్ల కాదు.

పెరుగు సంగతి చెప్పకపోతే తెలుగువాణ్ని కానంటారు. ముసలితనం పెద్ద పేగులోని కుళ్లు వల్ల వస్తుందని, దానికి విరుగుడు బల్గేరియా పెరుగని నమ్మి రోజూ పుల్లపాలు తాగిన మహానుభావుడు మెచ్నికాఫ్. 1908లో నోబెల్ అందుకున్నాడు గానీ అది రోగనిరోధక శక్తి మీద పనికి, పెరుగుకు కాదు. డెబ్బై ఒకటో ఏట పోయాడు. పెరుగులోని బ్యాక్టీరియాలో ఎక్కువభాగం మన పేగులో కాపురం పెట్టవు, దారిన పోయే బాటసారులే. అయినా పెరుగు మంచిదే. పాలు పడనివాళ్లకు అందులోని లాక్టోజును అవి ముందే కొంత తినేసి ఉంచుతాయి. ఇడ్లీ పిండి పొంగించే లూకోనోస్టాక్ ఆవిరిలో చచ్చిపోతుంది, అయినా ఇడ్లీ ఇడ్లీయే.

దేశంలో 10 కోట్ల మందికి పైగా చక్కెర జబ్బు ఉందని ఐసీఎంఆర్ సర్వే 2023లో ప్రకటించింది. వాళ్లలో ఎందరో మింగే మెట్‌ఫార్మిన్ మాత్ర పనిలో కొంత భాగం పేగు బ్యాక్టీరియాను మార్చడం ద్వారానే జరుగుతుందని 2017లో తేలింది. 800 మందికి వారం పాటు యంత్రాలు తగిలించి చూస్తే, ఒకరికి చక్కెర ఎగబాకిన పదార్థం ఇంకొకరిని కదిలించలేదని 2015లో చూశారు. ఆ తేడాకు పేగు బ్యాక్టీరియా కూడా ఒక కారణం. ఇది చూపించి, మలం డబ్బాలో పంపండి, మీ తిండి మేం చెబుతాం అనే వ్యాపారాలు పుట్టాయి. జాతులు లెక్కపెట్టడం సులువు, ఏ లెక్క మంచిదో చెప్పడం ఇంకా ఎవరి వల్లా కాలేదు. ఆ డబ్బుతో ఏడాదికి సరిపడా జొన్నలు, రాగులు, ఉలవలు కొనుక్కోవచ్చని నా లెక్క.

కాబట్టి చీటీ లేకుండా యాంటీబయాటిక్ అడగకండి. అడిగితే ఇచ్చేవాడున్నాడని తెలిసినా అడగకండి. డాక్టరు రాసిస్తే మాత్రం రాసినన్ని రోజులూ వాడండి. పీచు ఒక్కసారిగా పెంచితే పొట్ట ఉబ్బి నన్ను తిడతారు; వారాల మీద మెల్లగా పెంచండి. పేగు జబ్బులు, కిడ్నీ జబ్బులు ఉన్నవాళ్లు ముందు మీ డాక్టర్ని అడగండి. ఇడ్లీకి పొట్టు మినపప్పు వేస్తే నల్ల చుక్కలతో వస్తుంది. రుచికి ఏ లోటూ ఉండదు.